నూరో వంతు లెక్క

పెట్రోలు బంకులో బండి ఆపితే చాలు, ఎవరో ఒకరు దగ్గరికొస్తారు. "అన్నా, బండి ఇస్తావా? రేటు చెప్పు." కర్నూలు సి.క్యాంపులోనైనా కడప ఏడు రోడ్ల కూడలిలోనైనా ఇదే మాట. యమహా ఆర్‌ఎక్స్ 100 ఉన్న ప్రతివాడికీ ఇది అనుభవమే. 2018లో అజయ్ భూపతి తీసిన ‘ఆర్‌ఎక్స్ 100’ సినిమా ఆడాక ఈ అడగడాలు మరీ ఎక్కువయ్యాయి. ధర అడిగేవాళ్లు ఎందరో ఉంటారు. "బోరు ఏ సైజులో ఉందన్నా?" అని అడిగేవాడు ఎప్పుడో ఒకడు తగులుతాడు. అతనితో అయితే బంకు పక్కన నీడ చూసుకుని గంటసేపైనా మాట్లాడతాను. ఈ వారం కాలమ్ అతనికోసమే.

జపాన్ స్పోర్ట్స్ కార్లు మన ఊళ్లకు రాలేదు. డాట్సన్ 240జెడ్, టొయోటా 2000జీటీ లాంటివి మనం బొమ్మల్లో చూసినవే. మన దాకా వచ్చిన జపాన్ వేగం రెండు చక్రాల మీద వచ్చింది. విదేశీ కంపెనీలతో కలిసి బండ్లు తయారుచేసుకోవడానికి ప్రభుత్వం అనుమతిచ్చాక 1984లో హోసూరు నుంచి ఇండ్-సుజుకీ, 1985లో హీరో హోండా, అదే ఏడాది ఎస్కార్ట్స్ వాళ్ల ఆర్‌ఎక్స్ 100, ఆ మరుసటేడు కవాసాకీ బజాజ్ వరసగా దిగాయి. అన్నీ వంద సీసీ బండ్లే. అయినా కుర్రకారు మనసు ఆర్‌ఎక్స్ దగ్గరే ఆగిపోయింది. 98 సీసీ ఇంజను, 11 హార్స్‌పవర్, 103 కిలోల బరువు. ఇప్పటి పిల్లలకు ఈ అంకెలు చిన్నగా కనబడొచ్చు. ఫోర్‌స్ట్రోక్ ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒకసారి మంట పుడుతుంది, టూస్ట్రోక్‌లో చుట్టుకోసారి పుడుతుంది. అంత తేలికైన బండికి ఆ ఇంజను పెడితే ఎట్లుంటుందో సెకండ్ గేరులో ఒకసారి మెలితిప్పినవాడికి చెప్పనక్కర్లేదు. పొగ నిబంధనలు బిగియడంతో 1996లో దాని తయారీ ఆగిపోయింది. అంటే ఇవాళ రోడ్డు మీద కనబడే ప్రతి ఆర్‌ఎక్స్ వయసూ ముప్పై దరిదాపుల్లోనో, అంతకు పైనో ఉంటుంది.

నా బండి కర్నూలు పాతబస్తీలోని ఓ ఇంట్లో, మెట్ల కింద దొరికింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడు అది అక్కడే ఉంది. నీళ్లు తీశాక ఇంటివాళ్లు పైపైన కడిగి, టార్పాలిన్ కప్పి వదిలేశారు. ట్యాంకు మీద పెయింటు పరవాలేదు, క్రోము కూడా చాలావరకు నిలిచింది. ఇంకొకరైతే పెట్రోలు పోసి కిక్కు కొట్టేవాళ్లే. మా మెకానిక్కు ఉస్తాదు కొట్టనివ్వలేదు. "ఆగన్నా, కిక్కు మీద కాలు పెట్టద్దు. యేరు లోపల ఏం పెట్టిపోయిందో ముందు సూద్దాం" అన్నాడు.

హెడ్డు, సిలిండరు తీసి క్రాంక్‌కేసు విప్పితే లోపల ఒండ్రు. ఎండి, గట్టిపడి, గోటితో గీరితే పొరలు పొరలుగా రాలింది. కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. రాడ్డు కదలనంటే కదలదు. ఆ స్థితిలో కిక్కు కొట్టి ఉంటే ఆ మట్టి సిలిండరు గోడ పొడవునా గీతలు గీసేది. రెండు రూపాయల తొందరకు ఇంజను మొత్తం పోయేది.

ఆర్‌ఎక్స్ క్రాంకును బోల్టులతో బిగించరు. రెండు చక్రాల మధ్య పిన్నును ప్రెస్సులో ఒత్తి దిగేస్తారు. రాడ్డు మార్చాలంటే మళ్లీ ప్రెస్సు మీదే విడదీసి, కొత్త కిట్టు పెట్టి, మళ్లీ ఒత్తాలి. ఒత్తాక ఆ రెండు చక్రాలూ ఒకే గీతలో ఉండవు. అసలు పని అప్పుడు మొదలవుతుంది. క్రాంకును సెంటర్ల మధ్య ఎక్కించి, డయల్ గేజీ ముల్లు ఆనించి మెల్లగా తిప్పుతారు. ముల్లు ఊగిన వైపు చూసుకుని రాగి సుత్తితో ఒక దెబ్బ వేస్తారు. మళ్లీ తిప్పుతారు, మళ్లీ చూస్తారు, ఇంకో దెబ్బ. లెక్కంతా మిల్లీమీటరులో నూరో వంతులతోనే. ఈ పని చేసే పెద్దాయన సుత్తి ఎత్తే ముందు ముల్లుకేసి చూసే చూపు నాకు చాలా ఇష్టం. దెబ్బ ఎక్కడ పడాలో, ఎంత పడాలో ఆయన చేతికి ముందే తెలుసు. ఆ చూపును ఏ పుస్తకమూ నేర్పలేదు.

బోరు సంగతికొస్తా. కొత్తగా వచ్చినప్పుడు సిలిండరు వ్యాసం 50 మిల్లీమీటర్లు. అరిగాక పావు మిల్లీమీటరు పెంచి తొలిపిస్తారు. ఆ తర్వాత అర, ముప్పావు, చివరకు ఒకటి. అక్కడితో ఆ గోడ ఆయుష్షు అయిపోయినట్లే, ఇక స్లీవు మార్చుకోవాలి. అందుకే బోరింగును నేను ఖర్చు పద్దులో రాస్తాను, రిపేరు పద్దులో కాదు. పిస్టన్ కాస్త శబ్దం చేసిందని వెంటనే బోరు కొట్టించేవాళ్లను చూస్తే బాధేస్తుంది. చాలాసార్లు కొత్త రింగులు, కాస్త హోనింగు సరిపోతాయి. నా బండి అప్పటికే అర సైజులో ఉంది. పాత గీతలే లోతుగా ఉండటంతో ముప్పావుకు పోక తప్పలేదు. మిగిలింది ఇంకొక్క మెట్టు.

లేతు షాపులో ఒక నియమం ఉంది. పిస్టన్ చేతికిస్తే తప్ప సిలిండరు ముట్టుకోరు. అట్ట పెట్టె మీద 50.75 అని అచ్చేసి ఉండొచ్చు, లోపలున్న పిస్టన్‌ను మైక్రోమీటరుతో కొలిస్తేనే అసలు సైజు తెలుస్తుంది. ఆ పిస్టన్‌కే ఆ బోరు, ఇంకో పిస్టన్‌కు కాదు. గ్యాపు ఎంత వదలాలన్న దగ్గర సీమ ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. పిస్టన్ అల్యూమినియం, సిలిండరు లోపలి గోడ బీడు ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుముకు ఇంచుమించు రెట్టింపు వ్యాకోచిస్తుంది. గ్యాపు తక్కువైతే పిస్టన్ ఉబ్బి గోడకు పట్టేస్తుంది, ఎక్కువైతే రింగులు ఊగి కంప్రెషన్ పోతుంది. మే నెలలో కర్నూలులో 43, 44 డిగ్రీలు మామూలే. నంద్యాల దాటి ఆళ్లగడ్డ వైపు మధ్యాహ్నం పోతుంటే కింద నుంచి రోడ్డు వేడి, ముందు నుంచి వడగాలి. గాలితో చల్లారాల్సిన ఇంజనుకు ఆ గాలే నిప్పులా తగులుతుంది. "బెంగళూరు గ్యాపు ఈడ పనికిరాదన్నా, ఒక పిసరు వదులు పెడదాం" అన్నాడు ఉస్తాదు. ఆ పిసరంత మాటలో సీమ ఎండల అనుభవమంతా ఉంది.

దుమ్ము ఇంకో బాధ. బేతంచర్ల నాపరాళ్ల పాలిష్ యూనిట్ల పక్క నుంచి పోయినా, ఎర్రగుంట్ల సిమెంటు లారీల వెనక పడ్డా, ఎయిర్ ఫిల్టరు స్పాంజి ఒక్క రోజులో రంగు మారుతుంది. దాన్ని కిరోసిన్‌లో పిండి, ఆరబెట్టి, నూనెలో ముంచి, మళ్లీ పిండి పెట్టాలి. ఆ నూనె తడికే దుమ్ము అంటుకుంటుంది. పొడి స్పాంజి పెడితే సన్నటి దుమ్ము నేరుగా బోరులోకి పోతుంది. పికప్పు పెరుగుతుందని ఫిల్టరే తీసేసే కుర్రాళ్లున్నారు. వాళ్లకు దండం పెట్టి చెబుతున్నా, కోస్తాలో ఏమో గానీ మన దగ్గర ఆ పని చేస్తే ఒక్క ఎండాకాలంలో ఒక బోరు సైజు కరిగిపోతుంది.

ఈ పొడి నేల చేసే మేలూ ఉంది. ఉప్పుగాలి లేదు కాబట్టి సముద్రం ఒడ్డు ఊళ్ల బండ్లతో పోలిస్తే మన బండ్ల ఛాసిస్, మడ్‌గార్డులు గట్టిగా ఉంటాయి. ఎండకు చెడేది రబ్బరే. కార్బరేటరుకూ ఇంజనుకూ మధ్యనుండే రబ్బరు జాయింటు గట్టిపడి, కంటికి ఆననంత సన్నగా పగులుతుంది. ఆ పగులు నుంచి దొంగగాలి లోపలికి పోతుంది, పెట్రోలు పాళ్లు తగ్గుతాయి, ఇంజను కాగిపోతుంది. క్రాంకు ఆయిల్ సీళ్లు గట్టిపడినా ఇదే కథ. దీనికొక గుర్తుంది. యాక్సిలరేటరు వదిలాక కూడా ఇంజను దిగకుండా అదే పనిగా అరుస్తుంటే, బండి మంచి ఊపు మీదుందని మురిసిపోవద్దు. పక్కకు తీసి ఆపేయండి. అది సీజు కావడానికి ముందు పెట్టే కేక.

రీడ్ వాల్వు చూడటం ఎవరైనా ఇంట్లో చేసుకోగలిగిన పని. దాన్ని విప్పి ఎండకు ఎదురుగా పట్టుకుని చూడండి. రేకుల అంచుల వెంట వెలుతురు సందు కనబడకూడదు. కనబడితే, కిక్కుకు స్టార్టు కాకపోవడానికి కారణం ప్లగ్గు కాదని తేలినట్లే.

ఆయిల్ పంపు దగ్గర నాకూ ఉస్తాదుకూ పడలేదు. ఆర్‌ఎక్స్‌లో 2టీ ఆయిలుకు వేరే ట్యాంకు, యాక్సిలరేటరు కేబులుతో ముడిపడిన పంపు ఉంటాయి. ఎంత తిప్పితే అంత ఆయిలు ఇస్తుంది. మన మెకానిక్కులు చాలామంది ఆ పంపును మూసేసి ఆయిలును నేరుగా పెట్రోలులో కలపమంటారు. పంపు ఆగినా ఎవరికీ తెలీదు, తెలిసేసరికి పిస్టన్ పోతుంది అన్నది వాళ్ల వాదన. అందులో న్యాయముంది. కానీ కలిపి పోస్తే బండి ఊరికే ఆగి ఆడుతున్నప్పుడూ, నిండు వేగంలోనూ ఒకే పాళ్లు. ట్రాఫిక్‌లో వెనకవాడి మొహాన పొగ. టూస్ట్రోక్ ఎట్లాగూ లోపలికి పోయిన పెట్రోలులో పావు వంతు దాకా మండకుండానే బయటికి వదులుతుంది. ఈ బండ్లను ఆపేయడం అన్యాయమని నేను అనను, ఊరి గాలి కోసం ఆపాల్సిందే. అందుకే మిగిలిన బండిని ఉంచుకున్నవాడు పొగ ఎంత తగ్గించగలిగితే అంత తగ్గించాలి. పంపు కడిగించి, సెట్ చేయించి ఉంచుకున్నాను. మే నెలలో మాత్రం ఉస్తాదు మాట కాదనలేక ట్యాంకులో కూడా కొద్దిగా కలుపుతాను.

సైలెన్సరు కోయించేవాళ్ల మీద నాకు కోపమే. టూస్ట్రోక్ సైలెన్సరు కేవలం శబ్దం తగ్గించే డొల్ల గొట్టం కాదు. దాని లావూ సన్నాల లెక్కలోనే బలముంది. బయటికి పరుగెత్తిన పీడన తరంగం తట్టుకుని తిరిగొచ్చి, బయటికి జారబోయే కొత్త పెట్రోలు గాలిని మళ్లీ సిలిండరులోకి నెడుతుంది. గొట్టం కోస్తే చెవులకు దడ మిగులుతుంది, బండికి బలం పోతుంది.

జపాన్‌లో పాత బండ్లను నిలబెట్టే పనికి కంపెనీలే దిగాయి. హోండా తన ఎన్‌ఎస్‌ఎక్స్ కార్లను తిరిగి కొత్తవాటిలా చేసిచ్చే పథకం 1993లోనే మొదలుపెట్టింది. 2017లో మాజ్దా తొలితరం రోడ్‌స్టర్‌ను బాగుచేసిస్తామని ప్రకటించింది, నిస్సాన్ ఆర్32 స్కైలైన్ జీటీ-ఆర్ విడిభాగాలను మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టింది. టొయోటా కూడా 2000జీటీకి, సుప్రాకు భాగాలు తయారుచేస్తోంది. మన ఆర్‌ఎక్స్‌కు అట్లాంటి పెద్ద దిక్కు లేదు. దీన్ని నిలబెట్టింది లేతు షాపులు, ప్రెస్సు ఉన్న ఒకరిద్దరు పెద్దవాళ్లు, పాత మికుని కార్బరేటరును చెత్తలో వేయకుండా డబ్బాలో దాచిన ఉస్తాదులు. అసలు సామాను అరిగినా పారేయవద్దని నేను మొత్తుకునేది ఇందుకే. అరిగిన అసలు క్రాంకును సరిచేయవచ్చు. చౌక క్రాంకు ఇనుమే మెత్తదైతే ఏ చేయీ ఏమీ చేయలేదు. ఉస్తాదు కొడుకు మాత్రం ఇప్పుడు బ్యాటరీ స్కూటర్ల పని నేర్చుకుంటున్నాడు. తప్పు పట్టను, వాడికి బతుకు అక్కడే ఉంది. డయల్ గేజీ ముందు కూర్చునే చిన్నవాళ్లు మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు.

చట్టం దగ్గర ఆర్‌ఎక్స్ ఎటూ కాని వయసులో ఉంది. పదిహేనేళ్లు దాటాక ప్రతి ఐదేళ్లకూ ఆర్‌సీ పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఆ రుసుమును 300 రూపాయల నుంచి 1,000కి పెంచారు. వింటేజ్ వాహనాలకు కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు నిండాలి. మొట్టమొదటి ఆర్‌ఎక్స్ కూడా 2035 దాకా ఆగాల్సిందే. ఒకవేళ ఆ గుర్తింపు వచ్చినా వింటేజ్ బండిని రోజూ రోడ్ల మీద తిప్పనివ్వరు. నాకు ఆ గౌరవం వద్దు. ఏపీ 21, ఏపీ 04 నంబరు ప్లేట్లతో ఇవి రోజూ తిరగడమే కావాలి. నిలబెట్టిన టూస్ట్రోక్‌కు సీళ్లు ఎండిపోతాయి, ట్యాంకు అడుగున నీరు చేరుతుంది.

ఆ నీటి భయం ఇప్పుడు పెరిగింది. బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది, పాత రబ్బర్లను ఉబ్బిస్తుంది, మిశ్రమాన్ని పలచన చేస్తుంది. అందుకే కార్బరేటరు వాషర్లన్నీ మార్పించాను. బండి నాలుగు రోజులు కదలదనుకుంటే కార్బరేటరు గిన్నె ఖాళీ చేస్తాను.

మొన్న కడప పోతూ చాగలమర్రి, దువ్వూరు దాటాక మైదుకూరులో ఆగి, ఇంజను వేడి మీదే ప్లగ్గు విప్పి చూశాను. కాఫీ పొడి రంగులో ఉండాల్సింది, అంచుల్లో తెల్లబడింది. ఫోటో తీసి పంపితే ఉస్తాదు నుంచి వెంటనే ఫోను. "తిరిగొచ్చేటప్పుడు నలభై దాటించద్దన్నా. ఆదివారం తీసుకురా, మెయిన్ జెట్టు ఒక నంబరు పెంచి సూద్దాం. పెంచినా తెల్లగానే ఉంటే ఎడమ పక్క సీలు విప్పాల."