పాపాయి పాటలు – పెద్దల చెవులు

పొద్దున్న ఎనిమిదయ్యేసరికి మా ఇంట్లో రెండు కచేరీలు ఒక్కసారే మొదలవుతాయి. హాల్లో మావారి ఘంటసాల. వంటింటి గుమ్మంలో మా మనవడి సొరచేప. మధ్యన పోపు చిటపటలతో నేను. అటు కరుణశ్రీగారి పువ్వులు ఘంటసాల గొంతులో కన్నీళ్ళు పెట్టుకుంటూంటే, ఇటు సొరచేప పిల్లా, దాని అమ్మా, నాన్నా, అమ్మమ్మా, తాతయ్యా వరసగా వచ్చి తోకలు ఆడించి పోతూంటారు. మనవడికి మూడేళ్ళు. ఇడ్లీ ముక్క నోట్లోకి వెళ్ళాలంటే ఫోనులో ఆ చేప ఈదాలి. చేప ఆగిందో, నోరు మూతపడిందన్నమాటే!

"ఇదీ ఒక పాటేనటోయ్? పాటంటే మా రోజుల్లో..." అని మొదలుపెడతారు మావారు.

ఈ 'మా రోజుల్లో' అన్నమాట నేనూ వెయ్యిసార్లు అన్నాను. మీరూ అనే ఉంటారు. కానీ తిట్టే ముందు ఒక్కసారైనా శ్రద్ధగా వినాలి కదా! సినిమా చూడకుండా సమీక్ష రాస్తే మనం ఊరుకుంటామా? అందుకని ఒకరోజు మనవడు నిద్రపోయాక, తలుపు దగ్గరగా వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఆ సొరచేప పాటని మూడుసార్లు విన్నాను. మావారు చూస్తే నాకేదో అయిందనుకునేవారే.

ఆ పాట పేరు 'బేబీ షార్క్'. దక్షిణ కొరియాలోని పింక్‌ఫాంగ్ వాళ్ళు 2016లో దాని డాన్సు వీడియోని యూట్యూబులో పెట్టారు. 2020 నవంబరులో యూట్యూబులో అన్నిటికన్నా ఎక్కువసార్లు చూసిన వీడియో అయింది. 2022 జనవరికి వెయ్యి కోట్ల సార్లు దాటింది. భూమ్మీద మనుషుల సంఖ్యకన్నా ఎక్కువ! అందులో మా వంటింటి వాటా ఎంతో మా అమ్మాయి ఫోనుకే తెలియాలి.

పాట నిడివి రెండు నిమిషాల చిల్లర. మూడు నాలుగు స్వరాల చుట్టూ తిరుగుతుంది. ప్రతి వరసా మూడుసార్లు వస్తుంది. తోకకి అర్థంలేని రెండక్షరాల ఊతపదం. కుటుంబమంతా పరిచయమయ్యాక వేట, పరుగు, 'అమ్మయ్య బతికిపోయాం' అన్న ఊరట, దాంతో సరి. ఒక్కొక్కళ్ళకీ చేతులతో ఒక్కో అభినయం. పిల్లకి రెండు వేళ్ళు, అమ్మకి అరచేతులు, నాన్నకి చాచిన చేతులు. మూడోసారి వింటూంటే నా చెయ్యి దానంతట అదే ఆడింది. సిగ్గుపడి ఆపేశాను.

నిజం చెప్పొద్దూ, ఇందులో తప్పేముంది? మన కాళ్ళాగజ్జె మాత్రం ఏం చేస్తుంది? చిన్న వరస, మళ్ళీ మళ్ళీ రావడం, సగం మాటలకి అర్థం లేకపోవడం, చివరికి ఎవరిదో ఒకరి కాలు పండడం. గుడుగుడుగుంచంలో ఏ తత్త్వముందని పిడికిలి మీద పిడికిలి పెట్టాం? పసివాళ్ళకి కావలసింది అర్థం కాదు. తర్వాత ఏం వస్తుందో ముందే తెలిసి ఉండడమూ, తెలిసిందే మళ్ళీ రావడమూను. ఆ కిటుకు మన అమ్మమ్మలకీ తెలుసు, కొరియావాళ్ళకీ తెలుసు. పాటగా చూస్తే సొరచేపకి నూటికి అరవై మార్కులు వెయ్యక తప్పదు.

ఇక మన పాతపాటల సంగతి. మనం ఇవాళ మేలిమి బంగారం అంటున్న సినిమా పాటలకి ఒకప్పుడు ఏపాటి మర్యాద దక్కిందో తెలుసా? 1952లో కేంద్ర సమాచార ప్రసారశాఖ చేపట్టిన బి.వి. కేస్కర్‌గారికి సినిమా పాటంటే గిట్టేది కాదు. ఆయన హయాంలో ఆకాశవాణిలో ఆ పాటలు దాదాపు వినబడకుండా పోయాయి. జనం ఊరుకున్నారా? రేడియో ముల్లు సిలోను వైపు తిప్పేశారు. చివరికి 1957లో వివిధభారతి పెట్టి సినిమా పాటని మళ్ళీ ఇంట్లోకి పిలవాల్సి వచ్చింది. మా ఇంట్లో మా మామ్మే ఒక చిన్న కేస్కరు. సిలోనులో మీనాక్షీ పొన్నుదురైగారి గొంతు వినబడగానే నేనూ అక్కయ్యా పుస్తకాలు మూసేవాళ్ళం. మామ్మ పడమటింట్లోంచి కేకేసేది: "ఆ కూతలు కట్టేయండర్రా! ఇవీ పాటలేనా?" అని. అవే కూతలు ఇవాళ మావారి భక్తి సంగీతం!

ఇంకో తమాషా. 'మాయాబజార్'లో మాధవపెద్ది సత్యంగారి 'వివాహ భోజనంబు' వస్తే మా ఇంట్లో తాతామనవలిద్దరూ నోరు తెరుచుకుని కూర్చుంటారు. "అదీ పాటంటే!" అంటారు మావారు. ఆ సినిమా వచ్చింది 1957లో. పాట అంతకు ముందే నాటకాలలో, రికార్డులలో ఊరంతా తిరిగి వచ్చింది. చార్లెస్ పెన్రోజ్ అనే ఇంగ్లీషాయన 1922లో ఇచ్చిన నవ్వుల పోలీసు పాట ఒకటుంది. అది వింటే ఘటోత్కచుడి నవ్వు ఎక్కడ నేర్చుకున్నదో ఇట్టే తెలిసిపోతుంది. ఆ పోలీసు బాణీ కూడా పెన్రోజ్ సొంతం కాదు, అమెరికాలో జార్జి జాన్సన్ అనే నల్లజాతి గాయకుడు 1890ల్లో పాడిన నవ్వుల పాటది. అంటే మన లడ్లూ జిలేబీల విందుకి బాణీ సముద్రాలు దాటి వచ్చిందన్నమాట. సొరచేప ఒక్కటే ఈదుకుంటూ రాలేదు!

పైగా మనం 'పిల్లల పాటలు' అంటూ తలుచుకునేవన్నీ పిల్లలవి కావు. 'లేతమనసులు' (1966)లో సుశీలగారు పిల్లల్నీ దేవుణ్ణీ కలిపి పాడిన పాట వింటే ఇప్పటికీ నా గొంతు పట్టేస్తుంది. మా మనవడికి వినిపించాను. ఒక్క నిమిషం నా మొహం చూసి, "అమ్మమ్మా, ఎందుకు ఏడుస్తున్నావ్?" అని అడిగి వెళ్ళిపోయాడు. అది పిల్లల్ని గురించి పెద్దలు పాడుకునే పాట. చాలా మంచి పాట. కానీ పసివాడికి అందులో చోటేది?

మరి తప్పంతా మన చెవులదేనా? సొరచేపకి హారతిచ్చి ఊరుకుందామా? ఆగండి. మిగతా నలభై మార్కులు ఎందుకు తగ్గించానో చెప్పాలి.

చెమ్మచెక్కకి రెండు జతల చేతులు కావాలి. ఒప్పులకుప్పకి ఎదుటి మనిషి గట్టిగా పట్టుకోవాలి, వదిలేస్తే ఇద్దరూ పడతారు. తారంగానికి ఒడి కావాలి. లాలికి ఉయ్యాల తాడు లాగే చెయ్యి కావాలి. మన పాత పిల్లల పాటల్లో సాహిత్యం గొప్పదా అంటే, అన్నీ కాదు. కానీ ఏ పాటా ఒంటరిగా పనిచేయదు. పాడే మనిషి బిడ్డ మొహం చూసి వరస పొడిగిస్తుంది, కళ్ళు మూతపడుతూంటే నెమ్మదిస్తుంది, మధ్యలో వాడి పేరు చేర్చేస్తుంది. ఫోనులో చేపకి మా వాడి పేరు తెలీదు. వాడు నిద్రకి తూగుతున్నా అదే వేగం, ఏడుస్తున్నా అదే నవ్వు. అదయిపోగానే ఇంకో పాట దానంతట అదే మొదలవుతుంది. బిడ్డ మళ్ళీ పాడమని అడగక్కర్లేదు, అమ్మ ఇక చాలనక్కర్లేదు.

విచిత్రమేమంటే ఈ సొరచేప కూడా పుట్టడం ఫోనులో పుట్టలేదు. అమెరికాలో పిల్లల వేసవి శిబిరాల్లో అంతకు ముందు నుంచే చేతులాడిస్తూ పదిమందీ కలిసి పాడుకునే ఆటపాటట. అంటే అదీ ఒక చెమ్మచెక్కే. మనం దాన్ని తెచ్చి ఇడ్లీ పళ్ళెం పక్కన నిలబెట్టి, పసివాడి చేతులు ఒళ్ళో పడేయించాం.

ఈ మాట నేను పెద్ద గొంతుతో మా అమ్మాయితో అన్నాను కూడా. అది ఆఫీసుకి బయల్దేరుతూ, జడ బిగించుకుంటూ, "అమ్మా, నాకు చిన్నప్పుడు నువ్వేం పాట పాడావో చెప్పు" అంది.

నా నోట మాట రాలేదు.

ఏం పాడానో నాకు బాగా తెలుసు. అమ్మాయి మూడేళ్ళప్పుడు, 1990లో, దాన్ని ఇంగ్లీషు మీడియంలో చేర్చాలని మా ఆరాటం. టేప్‌రికార్డరులో ఇంగ్లీషు రైముల కేసెట్టు పెట్టి, అన్నం ముద్దకో రైము చొప్పున నేర్పాను. చుట్టాలొస్తే కుర్చీ ఎక్కించి చెప్పించాను. మా అమ్మ పురిటికి వచ్చి ఏడాది ఉంది. కాళ్ళు చాపుకుని, పాపని కాళ్ళమీద పడుకోబెట్టి నీళ్ళు పోస్తూ ఒక పాట పాడేది. మేనమామ ఏనుగెక్కి ఏటి ఒడ్డుకి వస్తాడు. పాపాయికి వెండి ఉగ్గుగిన్నె తెస్తాడు. ఆ పాట నాకూ అలాగే పాడిందట. "అమ్మా, ఆ పల్లెటూరి పాటలు దానికి అలవాటు చెయ్యకే, రేపు బళ్ళో నవ్వుతారు" అన్నాను నేను. అమ్మ మారు మాటాడలేదు. ఆ తర్వాత నేను గదిలో ఉంటే పాడడం మానేసింది.

అమ్మ పోయి పదేళ్ళయింది. ఆ పాట మొదటి చరణం నాకు వచ్చు. రెండో చరణంలో మేనమామ ఏటి దగ్గర ఏనుగుని ఆపేస్తాడు. ఎందుకాపాడో గుర్తులేదు. నేదునూరి గంగాధరంగారు పల్లెపల్లెలో ఏరి తెచ్చిన పాటల పుస్తకాలు తిరగేశాను. లేదు. అక్కయ్యకి ఫోను చేశాను. దానికి మొదటి చరణం కూడా రాదు. పదేళ్ళుగా పాపం ఆ మేనమామ వెండి గిన్నె పట్టుకుని ఏటి ఒడ్డునే నిలబడి ఉన్నాడు. అతణ్ణి అక్కడ ఆపింది సొరచేప కాదండీ, నేను.

మొన్న గాలివానకి కరెంటు పోయింది. రాత్రయినా రాలేదు. ఫోనులో చార్జీ అయిపోయింది. అన్నం గిన్నె ముందు మనవడు ఆరున్నొక్క రాగం అందుకున్నాడు. చేసేది లేక సొరచేప పాట నేనే ఎత్తుకున్నాను. చేతులు ఆడించాను. అమ్మమ్మ చేప దగ్గర వేళ్ళు ముడిచి, బోసినోరు పెట్టాను. వాడు ఏడుపు మధ్యలోనే పకపకా నవ్వాడు. తాతయ్య చేప వంతు వచ్చేసరికి మావారు కూడా చేతులు చాచారు. "మీ రోజుల్లో ఇలాంటివి లేవన్నారుగా!" అన్నాను. "నువ్వు పాడు" అన్నారు ఆయన.

చేపలన్నీ అయిపోయాక వాడు "ఇంకోటి" అన్నాడు. అమ్మ పాట అందుకున్నాను. మేనమామ వచ్చాడు, ఏనుగు వచ్చింది, గిన్నె వచ్చింది. ఏటి దగ్గర నేను ఆగిపోయాను.

"మామయ్య ఎందుకు ఆగాడు అమ్మమ్మా?"

"తెలీదు నాన్నా, మర్చిపోయాను."

వాడు చీకట్లో కాసేపు ఆలోచించి, "షార్క్ వచ్చింది కదా, అందుకే!" అని రెండు చేతులూ చాచి చప్పట్లు చరిచాడు.

మా అమ్మ వింటే ఏమనేదో! ప్రస్తుతానికి మా ఇంట్లో రెండో చరణం అలాగే నడుస్తోంది. మీ ఇంట్లో మాత్రం అంతదాకా తెచ్చుకోకండి. మీ అమ్మగారో అత్తగారో దగ్గరుంటే, ఈ పూట వంట పది నిమిషాలు ఆలస్యమైనా ఫరవాలేదు. కాగితం, కలం పట్టుకుని పక్కన కూర్చోండి. మొదటి చరణం మీకు వచ్చే ఉంటుంది. రెండోది అడిగి రాసుకోండి.