ఓడ పగిలిన కథలును, మన ముందుగదియు

ఇంటి ముందుగది సర్దుకొనుట గృహకృత్యము. ఓడ పగిలి నిర్జనద్వీపమున చిక్కుకొన్నవాని కథ చదువుట కాలక్షేపము. ఈ రెంటికిని సంబంధమేమని పలువురు అడుగవచ్చును. ఈ రెండును ఒకే ప్రశ్ననుండి పుట్టినవని మా అభిప్రాయము. ఉన్న వస్తువులలో ఏది అక్కరకు వచ్చును, ఏది కేవలము చోటు నాక్రమించుకొని యుండును అను ప్రశ్నయే అది. విపత్తునుండి బయటపడి బ్రతికినవారి కథలను మనము ఇంత ఇష్టముగా ఏల చదువుదుమో, ఆ కథలలోని మేలెంతయో, లోపమెంతయో, పరభాషా ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మనవంటి కుటుంబములకు వానివలన కలుగు ప్రయోజనమేమో ఈ వ్యాసమున విచారింపదలచినాము.

మొదట గది మాట. మన యిండ్లలో దీనిని కొందరు పడసాల యందురు, కొందరు కూడమందురు, నేటివారు హాలందురు. పేరేదైనను దాని కథ ఒక్కటే. తాతగారి పడకకుర్చీ, అమ్మమ్మగారి కావిడిపెట్టె, పెండ్లిలో వచ్చిన సోఫా, మ్రోగకున్నను పారవేయ మనసొప్పని రేడియో, దసరాకు మాత్రము క్రిందికి దిగు కొలువు బొమ్మల పెట్టెలు, గోడనిండ పటములు, మూల నొక అద్దాల బీరువా. ఆ బీరువాలో తెలుగు పుస్తకములు, బీరువాకు తాళము, తాళపుచెవి యెచ్చట నున్నదో ఇంటిలో ఒక్కరికే తెలియును. వచ్చిన అతిథికి కూర్చుండ చోటు లేదు. చదువుకొను పిల్లవానికి బల్ల వేయ చోటు లేదు. ఇల్లు మారునప్పుడో, శుభకార్యము తలపెట్టినప్పుడో గది సర్దవలెనను మాట వచ్చును. అప్పుడు పాతకాగితములు కొనువానికి మొట్టమొదట పోవునవి ఏవి? చదువువారు లేరను నెపమున ఆ బీరువాలోని పుస్తకములే. సోఫా మాత్రము కదలదు.

ఇక కథల మాట. ఇతరుల వినాశమును చదివి ఆనందించుట క్రౌర్యము కాదా యని ఆక్షేపింపవచ్చును. తుపాను మన పాఠకులకు పుస్తకములలో చదివిన మాట మాత్రమే కాదు. యానామునకు చేరువనున్న కోరంగి రేవు 1839 నవంబరు ఉప్పెనలో నాశనమయ్యెను. 1977 నవంబరులో దివిసీమయు, 1999 అక్టోబరులో ఒడిశా తీరమును, 2013 అక్టోబరులో గోపాలపురము, బరంపురము ప్రాంతములును తుపాను దెబ్బ తినెను. 2015 డిసెంబరులో చెన్నపట్టణము నీట మునిగెను. అట్టి దినములను చూచినవారు ముంపును వినోదముగా తలపరు. కాని మంచి విపత్కథలోని ఆనందము వినాశమునందు లేదు. వినాశము గడచిన మరునాటి ఉదయమునందున్నది. నగరములు కూలుట మాత్రము చూపి ముగించు చిత్రములు కన్నులను బెదరించునే గాని మనస్సునకు పని కల్పింపవు. డేనియల్ డీఫో 1719లో ప్రకటించిన ‘రాబిన్సన్ క్రూసో’ నవలలో, క్రూసోను ద్వీపమునకు విసరివేసిన తుపాను కొలది పుటలలో ముగియును. ఆ వెనుక సామగ్రి లెక్క పుటలకొలది సాగును. ఆ లెక్కలోనే ఆ నవలయొక్క బలమున్నది.

క్రూసో ఒడ్డు చేరిన పిమ్మట 13 దినములలో 11 మారులు పగిలిన ఓడమీదికి పోయి వచ్చును. రొట్టెలు, బియ్యము, తుపాకులు, తెరచాప గుడ్డలు, సిరా, కాగితములు తెచ్చుకొనును. వడ్రంగి పనిముట్ల పెట్టె దొరకినప్పుడు, ఓడెడు బంగారముకంటె అది మిన్నయని తలచును. తరువాత నొకమారు నాణెములు దొరకగా, ఇచట ఇవి దేనికని వానిని నిందించి, మరల ఆలోచించి మూటగట్టుకొని తెచ్చుకొనును. ఈ రెండవ ఆలోచనను వ్రాయుటలో డీఫో మానవస్వభావమును ఎంత యెరిగినవాడో తెలియుచున్నది. ఈ పట్టిక చదువుచుండగా మన యింటిలోని సుత్తి, చాకు, చేద, దుప్పటి మన కంటికి క్రొత్తగా కనబడును. వస్తువునకు ధర కాక విలువ యనునది వేరుగా కలదని ఏ ఉపన్యాసమును లేకుండ తెలిసిపోవును.

ఆ తరువాతి ఘట్టము మా విచారమునకు ఆయువుపట్టు. తెచ్చిన సామగ్రియంతయు గుహలో కుప్పపడియుండును. క్రూసోకు అటునిటు తిరుగుటకైన చోటు మిగులదు. నిర్జనద్వీపమున ఏకాకిగానున్న మానవుడు సైతము, పాఠకులు గమనింతురు గాక, ఇరుకు ముందుగది కలవాడే! అతడు గుహను త్రవ్వి పెద్దది చేయును. ముందుగా ఒక కుర్చీ, ఒక బల్ల చేసికొనును. బల్ల లేనిదే వ్రాయుటకును తినుటకును సుఖము లేదనును. పిమ్మట గోడవెంబడి అడుగున్నర వెడల్పు గల అరలు ఒకదానిపై నొకటి కట్టి, పనిముట్లను, మేకులను, ఇనుపసామానును వేరువేరుగా ఉంచును. తుపాకులకై గోడకు కొయ్యలు దిగగొట్టును. అన్నియు చేతికందునట్లు అమరియుండుట చూచి మురిసిపోవును. ఆ అమరిక ముగిసిన పిమ్మటనే దినచర్య వ్రాయ మొదలిడును. ఈ వరుస మిక్కిలి భావగర్భితమైనది. చోటు కుదిరిన పిమ్మట బల్ల, బల్ల కుదిరిన పిమ్మట కలము. గది సర్దుట యనగా వస్తువులను పారవేయుట కాదు. చేయదలచిన పనికి చోటు కల్పించుట యని డీఫో నూరు సూక్తులు చెప్పక ఒక్క గుహ చూపి బోధించినాడు.

ఏది ఉంచవలెను, ఏది తీసివేయవలెను అను విషయమున తొందరపాటు కూడదనియు ఈ నవలయే చెప్పుచున్నది. ఓడనుండి తెచ్చిన ఒక సంచిలో కోళ్లకై యుంచిన గింజలను ఎలుకలు తినివేసినవి. పొట్టు మాత్రము మిగిలినదని తలచి, సంచితో పనిపడి, క్రూసో ఆ పొట్టును కొండప్రక్కన దులిపివేయును. వానలు కురిసిన కొంతకాలమునకు అచ్చట యవలును వరియు మొలచును. అది దైవమహిమయని తొలుత నివ్వెరపోయి, పిమ్మట సంచి సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనును. ఆ గింజలను తినక విత్తుచు పోయి, నాలుగవ యేటగాని వానిని నోట పెట్టుకొనడు. మరియొక చోట, మహావృక్షమును పడగొట్టి, సుమారు 5 నెలలు శ్రమించి గొప్ప దోనె తొలుచును. నీరు 100 గజముల దూరముననే యున్నను దానిని కదల్పలేకపోవును. చెత్తయనుకొన్నది పంటయయ్యెను, ఘనమనుకొన్నది మ్రానుగానే మిగిలెను. మన గదులలో తలుపు పట్టని సోఫాలు ఎన్ని! పొట్టుతోపాటు దులిపివేయబడుచున్న గింజలు ఎన్ని!

జూల్స్ వెర్న్ 1874–75లో వెలువరించిన ‘మిస్టీరియస్ ఐలండ్’ నవల ఈ ప్రశ్ననే తలక్రిందులు చేసినది. క్రూసోకు ఓడెడు సామగ్రి కలదు. వెర్న్ కథలోని అయిదుగురికి ఏమియు లేదు. 1865లో అమెరికా అంతర్యుద్ధమున రిచ్మండు నగరమునుండి బెలూనులో తప్పించుకొని పోవుచు, అది సముద్రమున పడకుండుటకై ఉన్నదంతయు పారవేయుదురు. మిగిలినవి రెండు గడియారములు, కుక్క మెడలోని పట్టీ, జేబు అస్తరులో చిక్కిన అగ్గిపుల్ల వంటివి. గడియారముల అద్దములు రెండు జోడించి నడుమ నీరు నింపి సూర్యకాంతితో నిప్పు పుట్టింతురు. కుక్క పట్టీనుండి కత్తులు సాధింతురు. పిల్లవాని అంగీ అస్తరులో ఒకే ఒక గోధుమగింజ దొరకును. ఆ గింజకు 10 వెన్నులు, వెన్నునకు 80 గింజల చొప్పున లెక్కించినచో నాలుగవ పంటకు 40 వేల కోట్లకు మించునని ఇంజనీరు లెక్క చెప్పును. ఉప్పొంగిన ఆశకు ఇంతకంటె చక్కని లెక్క సాహిత్యమున అరుదు.

ఈ నవలకు లోపము లేకపోలేదు. కష్టము వచ్చినప్పుడెల్ల అదృశ్యహస్తమొకటి ఆదుకొనుచుండును. పనిముట్లు, పుస్తకములు, తెల్లకాగితములు గల పెట్టె ఒడ్డునకు కొట్టుకొనివచ్చును. అందువలన పరీక్ష తేలికయైపోవును. ఆ హస్తము కెప్టెన్ నెమోది యనియు, అతడు 1857 తిరుగుబాటులో పోరాడిన బుందేల్‌ఖండు రాజకుమారుడనియు తెలియునప్పుడు భారతీయ పాఠకునికి కలుగు సంతోషము వేరు; లోపము మాత్రము లోపమే. ముగింపు మనకు ముఖ్యము. అగ్నిపర్వతము పగిలి ద్వీపము మునిగిపోవును. బ్రతికినవారు నెమో యిచ్చిన నిధితో అమెరికాలోని అయోవా ప్రాంతమున భూమి కొని, అచ్చటి యేటికి, కొండకు, కొలనికి తమ ద్వీపమునాటి పేర్లే పెట్టుకొందురు. పోయిన చోటినుండి వారు తెచ్చుకొన్నవానిలో మిక్కిలి తేలికయైనవి ఆ పేర్లే. మిక్కిలి కాలము నిలిచినవియు అవియే. వలస వచ్చి, ఇంటిపేరులో ఒక ఊరిపేరు మోయుచున్న మనవారికి ఈ ఘట్టమును విప్పిచెప్ప నక్కరలేదు.

ఈ జాతి కథలలో మరియొక గాఢమైన దోషము కలదు. క్రూసో ఒక మనుష్యుని ప్రాణము కాపాడి వానికి ‘ఫ్రైడే’ యని పేరు పెట్టును. తన్ను ‘యజమానీ’ యని పిలువ నేర్పును. తన భాష నేర్పును. ఆ మనుష్యుని అసలు పేరేమో మాత్రము నవల ముగిసినను మనకు తెలియదు. ఓడలోని మేకు మేకునకు లెక్క వ్రాసిన రచయిత, ఒక మానవుని పేరును, వాని తల్లిభాషను లెక్కలోనికి తీసికొనలేదు. బహుభాషల నడుమ కాపురముండు మనము ఈ చోట పుస్తకమును కొంతసేపు మూసి ఆలోచింపవలెను. చుట్టునున్నవారి భాషను ప్రేమతో నేర్చుకొనుట మన పెద్దల ఆచారము. తన భాషను పోగొట్టుకొని నేర్చుకొనుట ఫ్రైడే దురదృష్టము. ఈ రెంటికిని భేదము గొప్పది.

భాష పోవుటను గూర్చి విపత్కథలలో మిక్కిలి లోతుగా పలికినది జార్జి స్టీవర్టు 1949లో ప్రకటించిన ‘ఎర్త్ అబైడ్స్’ అని మా తలంపు. మహామారివలన మానవజాతి దాదాపు నశించును. ఇష్ అను విద్యావంతుడు మిగిలిన కొలదిమందితో కాలిఫోర్నియాలో కాపురము పెట్టును. విశ్వవిద్యాలయ గ్రంథాలయము చెక్కుచెదరక నిలిచియుండును. అది యున్నంతకాలము నాగరికత తిరిగి వచ్చునని అతని విశ్వాసము. కాని పిల్లలకు చదువు పట్టదు. దుకాణములలో డబ్బాల ఆహారమున్నది, వేటకు జంతువులున్నవి. అక్షరముతో వారికి పనియేమి? చదువుపై నిజమైన ఆసక్తి గల ఒక్క బాలుడు విషజ్వరమున మరణించును. అప్పుడు ఇష్ బడి మూసివేసి, పిల్లలకు విల్లంబులు చేయుట నేర్పును. పాత నాణెములు బాణపు ములుకులగును. ఇచట ఒక్క పుస్తకమును కాలలేదు, ఒక్క పుటయు తడవలేదు. ఉంచుటలో లోపము లేదు, వాడుటలోనే లోపము. క్రూసోకు అరలు కట్టుటతో ఆనందము లభించెను. ఇష్ కట్టిపెట్టిన అరలముందు దుఃఖించెను. మన అద్దాల బీరువాను గూర్చి ఇంతకంటె సూటిగా వ్రాసినవారు లేరు.

వస్తువులు, పుస్తకములు మాత్రమే చాలునా? దీనికి ప్రత్యుత్తరము మన తెలుగులోనే కలదు. పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’ కథకు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండవ బహుమతి లభించిన సంగతి మనవారికి గర్వకారణము. నియమములే ఆధారముగా బ్రతికిన రావుగారు రైలులో ఒక బిచ్చగత్తెను ఏవగించుకొందురు. ఆ రాత్రి గాలివానలో, దిక్కుతోచని చీకటిలో, ఆమె చేరువయే ఆయనకు ఆదరవగును. క్రూసో పట్టికలో కానరానిది ఇచట కానవచ్చుచున్నది. విపత్తున మానవునికి అక్కరకు వచ్చు వస్తువులలో మొదటిది వస్తువు కాదు, తోడు.

ఈ నాలుగింటిని కలిపి చదివినచో ముందుగది సర్దుటకు ఒక పద్ధతి దొరకుచున్నది. వస్తువు ఎంత పెద్దది, ఎంత ధరకు వచ్చినది అని చూడక, దానితో ఇంటిలో ఏ పని జరుగుచున్నదో చూడవలెను. పని జరుగనిది, కాని విత్తనమువంటిది అయినచో, దానికి పని కల్పింపవలెను. తెలుగు పుస్తకములకు అడుగున్నర వెడల్పు గల అరలు చాలును. అవి తాళము లేనివై, పదియేండ్ల పిల్లకు చేయి అందు ఎత్తున, దీపమునకు దగ్గరగా ఉండవలెను. వాని ప్రక్క ఒక బల్ల, బల్లకు రెండు కుర్చీలు. రెండవ కుర్చీ పెద్దవారిది; ఏలయన, అక్షరము రాని బిడ్డకు పుస్తకము మూసిన పెట్టెవంటిదే, చదివి వినిపించువారే దానికి తాళపుచెవి. ఆ రెండు కుర్చీలకు చోటు చాలకున్నచో సోఫాను తీసివేయుటకు సంకోచింప నక్కరలేదు.

కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ పలుకు వీథులలో మన తలుపులు తెరచుకొనుచున్నవి. ఆ తలుపు దాటి లోనికి వచ్చినవారికి మొదట కనబడునది ముందుగదియే. అచ్చట ఒక తాతగారు మనుమరాలికి తెలుగు కథ చదివి వినిపించుచుండగా చూడగలుగుట మా కోరిక. కథ ఓడ పగిలినవానిదే కానిండు. వినిపించు భాష మనది కావలెను.