దుత్త మీద కోపం

స్త్రీల కోపం మీద మనం రాసుకున్న విమర్శలో ఒక ఖాళీ ఉందని నాకు పుస్తకాల్లో తెలియలేదు. ముంచింగిపుట్టులో తెలిసింది.

ఒడిశా సరిహద్దునానుకున్న ఆ మండలం అప్పట్లో విశాఖ జిల్లాలోది, 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోది. అక్కడ ఒక ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పాను. మైదానం నుంచి వెళ్లినదాన్ని. సుమతీ శతకంలో కోపం మీది పద్యాన్ని పిల్లల చేత వల్లె వేయించేదాన్ని కూడా. ఒకరోజు ఏడో తరగతి పిల్ల నేనడిగినదానికి జవాబు చెప్పకుండా పక్కపిల్లతో ఆదివాసీ ఒడియాలో ఏదో అంది. నన్ను వెక్కిరించిందనుకుని చెంప మీద కొట్టాను. "టీచర్ ఏమడుగుతోంది?" అని అడిగిందట. సాయంత్రం ఆయా చెప్పింది.

సెలవుల్లో విశాఖలో ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. వెళ్లడానికి సిగ్గుపడ్డాను. కౌన్సెలింగ్ అంటే మనకు తెలిసిందేమిటి? కాపురం నిలబడాలంటే నువ్వే సర్దుకుపోవాలమ్మా అని చెప్పే గది. పైగా కోపం దించుకోవడం మన కవిత్వానికే ద్రోహమనిపించింది. సావిత్రి 'బందిపోట్లు' చదివి పెరిగినవాళ్లం. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' చాలాకాలం నా తలగడ పక్కనే ఉండేది.

ఆవిడ కోపం మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. ఒక నోటుబుక్కు పెట్టమంది. ఏం జరిగింది, ఒంట్లో ఏమైంది, మనసులో ఏమనుకున్నాను, ఏం చేశాను, ఇవి రాయాలి. కోపమొచ్చిన సందర్భానికీ మన చేతికీ మధ్య మనతో మనం అనుకునే మాట ఒకటుంటుందనీ, దాన్ని పట్టుకోవడం నేర్చుకోవచ్చనీ 1975లో రేమండ్ నొవాకో రాసిన పుస్తకం దగ్గర్నుంచీ ఈ పద్ధతి పెరుగుతూ వచ్చింది. నా నోటుబుక్కులో ఆ మాట ప్రతిసారీ ఒకటే: "నన్ను లెక్కచెయ్యడం లేదు."

ఇంకో గడి నేనే గీసుకున్నాను. ఎదురుగా ఎవరున్నారు? ఆరు వారాల తర్వాత చూస్తే ఆ గడి నిండా పిల్లలు, ఆయా, మా ఇంట్లో గిన్నెలు తోమే మనిషి. నన్ను నిజంగానే లెక్కచెయ్యని పై అధికారి, భర్త ఒక్కచోటా లేరు. వాళ్ల ముందు నవ్వుతూనే ఉన్నాను. అత్త మీద కోపం దుత్త మీద అంటాం. ఆ సామెత విని అత్తాకోడళ్ల గురించే మాట్లాడుకుంటాం గానీ దుత్త సంగతి ఎవరికీ పట్టదు.

అప్పుడు మళ్లీ కవిత్వం తీశాను. మనం మెచ్చుకుంటూ వచ్చిన కోపం దాదాపు ఎప్పుడూ పైకే చూస్తుంది. తండ్రి, మొగుడు, శాస్త్రం, చూపు. ఆ కోపం లేకపోతే మనం రాసేవాళ్లమే కాదు, అందులో నాకు సందేహం లేదు. కానీ అదే మనిషి కోపం కిందికి జారినప్పుడు ఎక్కడ పడుతుందో విమర్శకులుగా మనం అడగలేదు. ఆ దెబ్బ తగిలినవాళ్లే అడిగారు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో 'నల్లపొద్దు' వచ్చినప్పుడు నేనూ సమీక్షల్లో పొగిడాను, ఆ ప్రశ్న నన్ను కూడా అడుగుతున్నారని తోచకుండానే. 1981లో ఆడ్రె లార్డ్ కోపం మీద ఇచ్చిన ప్రసంగాన్ని ఎన్ని సెమినార్లలో చెప్పానో! అందులో ఆమె తెల్లజాతి స్త్రీలతో మాట్లాడుతోంది. నేను మాత్రం ఎప్పుడూ ఆమె పక్కన నిలబడే చదివాను.

గృహహింస చట్టం (2005) కింద కౌన్సెలింగుకు పంపవచ్చు. 2006 నిబంధనల్లో ఒకటి నాకు చాలా ఇష్టం: హింస చేసినవాడు ఆ గదిలో తన పనికి సమర్థన చెప్పుకోవడానికి వీల్లేదు. ఆ సంగతి మొదలుపెట్టకముందే అతనికి చెప్పాలి. మగవాళ్ల గురించి క్లాసుల్లో ఎన్నోసార్లు వివరించాను. విశాఖలో మొదటిరోజు గంటసేపూ నేను చెప్పింది మాత్రం సమర్థనే. అలసట, బదిలీ, ఒంటరితనం.

ఇదంతా చదివి కోపానికి మందు వేసుకోమంటోందని ఎవరైనా అనుకుంటారేమో. ఆ కొండల్లోనే వాకపల్లి ఉంది. 2007 ఆగస్టులో పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు స్త్రీలు చెప్పారు. 2023 ఏప్రిల్లో కోర్టు నిందితులను విడుదల చేస్తూ, దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి, ఆ స్త్రీలకు పరిహారం ఇమ్మంది. అన్నేళ్లు నిలబడ్డ ఆ కోపాన్ని అదుపు చేసుకోమనే కౌన్సెలింగ్ ఏదైనా ఉంటే అది నాకక్కర్లేదు. నేను అదుపు చేసుకోవలసింది వేరే. దాన్ని ఈ కోపం పేరుతో ఇన్నాళ్లూ గౌరవంగా మోశాను.

సెలవులయ్యాక ఆ పిల్లను పిలిచి తప్పయిందని చెప్పాను. ఆయా ఒడియాలోకి మార్చి చెప్పింది. నేను చెప్పినదానికన్నా చాలా చిన్నగా చెప్పింది. పిల్ల విని, ఇంక అన్నానికి వెళ్లొచ్చా అని అడిగింది, తెలుగులోనే.