దక్కను దస్తర్ఖాన్

రాజప్రాసాదములు హోటళ్లుగా మారినప్పుడు వాని చలువరాతి మెట్లను, స్ఫటికదీపములను, నగిషీ కుర్చీలను వర్ణించుటకు కలములు పరుగులు తీయును. కాని అట్టి మందిరమునకు ప్రాణప్రతిష్ఠ చేయునవి రెండే రెండు: అతిథికి కనబడని చోట నిప్పుసెగ యెదుట నిలిచిన వంటవాని చేయి, భోజనశాలలో అడుగుచప్పుడు వినిపింపక మెలగు వడ్డనకాని కన్ను. ఈ రెండును లేని హోటలు ఎంత వెలగలదైనను వట్టి సత్రమే యని నా నిశ్చితాభిప్రాయము.

హైదరాబాదు దక్షిణభాగమున కొండపై వెలసిన ఫలక్‌నుమా ప్రాసాదమునే తార్కాణముగా గ్రహింతము. 1884లో హైదరాబాదు అమీరు వికారుల్ ఉమ్రా దీనికి పునాది వేయించెననియు, ఆ వ్యయభారమునకు తుదకు ఆయనయే తల్లడిల్లెననియు చెప్పుదురు. పిమ్మట అది ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చెను. చిరకాలము నిర్మానుష్యముగా నుండి, నిజాము కుటుంబపు రాకుమారి ఎస్రా పర్యవేక్షణమున జీర్ణోద్ధరణము నొంది, 2010లో తాజ్ సంస్థవారి హోటలుగా తలుపులు తెరచెను. చరిత్ర యింతతో చాలును. ద్వారము కడ మోటారు దిగి గుర్రపుబగ్గీలో కొండ నెక్కుటయు, మెట్లపై గులాబిరేకుల వర్షమున తడియుటయు ముచ్చటైన సంగతులే. ఐనను అవి నాందీవాక్యములు మాత్రమే. అసలు నాటకము 101 మంది కూర్చుండదగిన ఆ సుప్రసిద్ధమైన భోజనపు బల్ల కడ ఆరంభమగును. ఈ కొనను గుసగుసలాడిన మాట ఆ కొనకు వినబడునని వాడుక. 2017 నవంబరు 28న ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సునకు వచ్చిన అతిథులకు ప్రధానమంత్రి విందొసగినది ఇచ్చటనే.

అంత పొడవైన బల్లపై మొదటివానికి వడ్డించిన కబాబు కడపటివానికి చేరునప్పటికి చల్లారకుండ చూచుట యెట్టి యోగసాధనమో, పెండ్లిపంక్తిలో గరిటె పట్టి నడుము వంచినవారికి తెలియును. పాత దక్కను ఇండ్లలో దస్తర్ఖాన్, అనగా భోజనపు వస్త్రము, పరచినపుడు, ఆఫ్తాబా యను కొమ్ముచెంబుతో నీరు పోసి చిలమ్చి యను పళ్లెములో అతిథి చేతులు కడిగించి, పెద్దలకు ముందు వడ్డించి, అతిథి తృప్తుడై చేయి తీయువరకు గృహస్థు తన చేయి తీయకుండుట మర్యాద. నేటి గొప్ప భోజనశాలలోని సేవకుడు చేయునదియు తరచి చూచిన ఇదియే. నీళ్లగ్లాసు సగమైనపుడు నింపుట ఎవరైన నేర్తురు. అతిథి సంభాషణలో మునిగియున్నపుడు ఎదుటికి రాక, కన్నెత్తి చూచిన క్షణముననే పక్కన నిలుచుట మాత్రము ఏ పాఠశాలయు ఆరు నెలలలో నేర్పజాలని విద్య.

ఇక వంట. కచ్చీ బిర్యానీ యనునది సాహసవిద్య. పచ్చిమాంసమునకు బొప్పాయికాయ ముద్ద, పెరుగు, అల్లము, వెల్లుల్లి, పచ్చిమిర్చి, షాజీరా, వేచిన ఉల్లి, పుదీన పట్టించి గంటలకొలది నాననిచ్చి, దానిపై సగము ఉడికిన బాస్మతి బియ్యమును పొరలుగా పరచి, కుంకుమపువ్వు కలిపిన పాలను నేతిని చిలకరించి, గోధుమపిండి ముద్దతో మూతయంచున సందులేకుండ మూసి, క్రింద సన్ననిసెగయు మీద నిప్పుకణికలును ఉంచుదురు. మాంసము పచ్చిది, బియ్యము సగము ఉడికినది. ఈ రెండును ఒకే గడియకు పక్వము కావలెను. మూత తీసి చూచుటకు వీలులేదు. అందుకే చేయితిరిగిన ఉస్తాదు మాంసమునకు దగ్గరనుండు బియ్యమును తక్కువ ఉడుకునను, పైపొరను ఎక్కువ ఉడుకునను ఎసటినుండి దించును. పిండి అంచున చిమ్ము ఆవిరిజోరును, వాసనలో వచ్చు మార్పును బట్టి సెగ తగ్గించును. గర్భములోని శిశువును తాకకయే నాడిని బట్టి స్థితి చెప్పు మంత్రసాని వలె, కనుచూపు చేరని దానిని ఇతర ఇంద్రియములతో చదువు విద్య యిది. వడ్డనలోను ఒక మర్మమున్నది: గరిటెను అంచుననుండి నిలువుగా దింపి, తెలుపు, పసుపు, మసాలా పొరలన్నియు ఒక్కపెట్టున పైకి వచ్చునట్లు తీయవలెను, కలియబెట్టినవాడు వంటవాని శ్రమను మట్టిపాలు చేసినవాడే.

ఈ దస్తర్ఖాన్ కేవలము ఉత్తరమునుండి వచ్చినదని భావించువారు బఘారా బైంగన్‌ను రుచిచూడవలెను. నువ్వులు, వేరుసెనగపప్పు, కొబ్బరి నూరి, చింతపండు పులుసులో లేతవంకాయలను మ్రగ్గించు ఆ వంటలో మన తెలుగునాటి పొయ్యి వేడి తెలియుట లేదా? మిర్చీకా సాలన్ సంగతి చెప్పనక్కరయే లేదు. కాలిన నల్లరాతిపలకపై పలుచగా కొట్టిన మాంసమును కాల్చు పత్థర్‌కా గోష్త్, చతురస్రాకారపు లుఖ్మీ, ఎండిన ఆప్రికాట్లు ఉడికించి మీగడతో నొసగు ఖుబానీకా మీఠా: ప్రాసాదమందలి 'అదా' భోజనశాలయైనను, పాతబస్తీలోని పెండ్లియిల్లైనను, ఇవి సరిగా కుదిరిననాడు భోక్త మౌనియగును.

లక్నోవారు మాపై కోపింతురు గాక, మూతబిగించి సన్ననిసెగపై మ్రగ్గించు వారి దమ్‌పుఖ్త్ మహత్తును నేను కాదనను. 1931లో లక్నోలో జన్మించి, ఢిల్లీలోని ఐటీసీ మౌర్య హోటలులో ఆ విద్యకు సింహాసనము వేసిన ఇమ్తియాజ్ ఖురేషీని తలచిన నమస్కరింపకుండ నుండలేను. ఒక విందులో శాకాహార వంటకములనే చేపవలెను మాంసమువలెను భ్రమింపజేసి నెహ్రూనంతటివానిని ఆశ్చర్యపరచెనని వంటవారు కథగా చెప్పుకొందురు. 2016లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చెను. 2024లో ఆయన గతించెను. ఐనను ఉడికిన మాంసముతో చేయు పక్కీ బిర్యానీకిని, మా కచ్చీకిని పోటీ పెట్టిన నేను కచ్చీ పక్షమే. పక్షపాతమనిన, ఔను, పక్షపాతమే.

ఇంతటి విద్యకు నేడు పట్టిన గతి యేమి? ఎక్కడనో వండిన కూరను ముందే వార్చిన అన్నముపై బోర్లించి, మిఠాయిరంగు చిలకరించి, అల్యూమినియము కాగితముతో మూసి, దానికి దమ్ బిర్యానీ యని పేరు పెట్టుచున్నారు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీమునకే దిక్కులేకున్నది: కట్టెలపొయ్యిపై గంటలతరబడి గోధుమలను మాంసమును చెక్కరోకళ్లతో ఏకముగా నలుగగొట్టవలసిన చోట, యంత్రములో రుబ్బి ముద్దచేసి అమ్ముచున్నారు. సామాన్యపు అంగడివానిపై నాకు కినుక లేదు. వాని పొట్టకూడు వాని నట్లు నడిపించుచున్నది. నక్షత్రముల హోటళ్లపైననే నా ఆగ్రహము. రాత్రికి వేలు వసూలుచేయు చోటునను బఫే పాత్రలో గంటలకొలది మరుగుచు మెతుకు మెతుకు చిదిమిన బిర్యానీ! వల్లెవేసిన పలుకరింపులు! నోటిలోని ముద్ద మ్రింగకముందే మార్కులు వేయుమని చేతికందించు పలక! పళ్లెము ఛాయాచిత్రమునకు లొంగవలెనని రుచిని బలియిచ్చు వంటగాడు!

నవాబులు పోయిరి, దేవిడీలు కూలినవి. ఈ కళకు నేటి పోషకులు గొప్ప హోటళ్లే, వానిలో భుజించు మనమే. కావున హోటలు యజమానులకు నా విన్నపము: షాండిలియరు తుడుచుటకు వెచ్చించు ధనములో కొంత పాతబస్తీ బావర్చీల బిడ్డలకు శిష్యరికపు వేతనముగా నొసగుడు, వంటకపు పట్టికలో వంటకము పేరు పక్కన వండినవాని పేరును ముద్రింపుడు, బఫేనుండి కచ్చీని విముక్తము చేయుడు. భోక్తలకును ఒక మాట: హండీ తెరచుటకు ముప్పావుగంట పట్టునని చెప్పిన హోటలును కసరకుడు, ఐదు నిమిషములలో తెచ్చిపెట్టినదానినే శంకింపుడు. మనము ఓర్చుకొననిచో వంటవాడెవనికొరకు ఓర్చుకొనును?