ఇసుకమీద జలాంతర్గామి

విశాఖపట్టణంలో రామకృష్ణా బీచివద్ద ఇసుకపై నిలిపిన ‘కుర్సురా’ను చూడనిదే కళాశాల విహారయాత్ర పూర్తికాదు. 1969 డిసెంబరు 18వ తేదీన సోవియట్ దేశపు రీగా రేవులో భారత నౌకాదళంలో చేరిన ఈ జలాంతర్గామి 2001 ఫిబ్రవరిలో విధులనుండి విరమించినది. 2002 ఆగస్టులో దీనిని ప్రదర్శనశాలగా తెరచినారు. భౌతికశాస్త్రం చదివే విద్యార్థికి ఇది ఎంతవరకు పాఠం చెప్పగలదన్నదే ఇక్కడ నా ప్రశ్న.

లోపలి ప్రదర్శనకు వంకపెట్టే పని లేదు. నమూనా కాదు, అసలు నౌకే. 91 మీటర్ల పొడవున ఒక గదినుండి మరొక గదికి గుండ్రని ద్వారాలలో వంగి దూరుతూ పోవలెను. విశ్రాంత నావికులు టార్పెడోలను, యంత్రాలను చూపి వివరిస్తారు. డీజిలు యంత్రాలకు గాలి కావలెను గనుక, నీటి అడుగున బ్యాటరీలతో విద్యుత్ మోటార్లు నడుస్తాయని అక్కడ నిలబడి వింటే ఇట్టే బోధపడుతుంది.

అయితే జలాంతర్గామి ముఖ్య విద్య మునగటం, తేలటం. నీరు లేనిచోట అది కనిపించదు. పైగా ఆ విద్యకు సాధనాలైన తొట్లు నౌకకున్న రెండు పొట్టుల మధ్య ఉన్నవి. మనం నడిచేది లోపలి పొట్టులో. అంటే రహస్యమంతా గోడ కవతలే ఉండిపోయినది.

మా ప్రాంతపు విద్యార్థులకు దీనిని మంగంపేట ముగ్గురాయితో చెప్పవచ్చు. చమురు బావులు తవ్వేటప్పుడు బురదను బరువెక్కించటానికి వాడే బెరైటీసు అదే. సమాన ఘనపరిమాణంగల నీటికంటె నాలుగింతలకు పైగా బరువు. వేస్తే బుడుంగున మునుగుతుంది. ఉక్కు అంతకంటె సాంద్రమైనది. అయినా కుర్సురా తేలినది; లోపల గాలి ఉన్నందున నౌక మొత్తం సగటు సాంద్రత నీటికి లోబడి ఉన్నది. ఈ తరగతి నౌక నీటిపై ఉన్నప్పుడు సుమారు 1,950 టన్నుల నీటిని తొలగిస్తుంది. మునిగినపుడు 2,475 టన్నులు. ఈ రెండింటి తేడా, అనగా 500 టన్నులకు పైచిలుకు, తొట్లలోకి తీసుకొనే సముద్రపు నీరే. పైమూతలు తెరిస్తే గాలి పోతుంది, అడుగునుండి నీరు చేరుతుంది. పైకి రావటానికి సంపీడిత వాయువును వదలి ఆ నీటిని నెట్టివేస్తారు.

అంత బరువును ముగ్గురాయితో తెచ్చుకొంటే నాలుగోవంతు చోటు చాలును గదా అని ఒక తెలివైన విద్యార్థి అడగవచ్చు. చాలును. కాని నడిసముద్రంలో రాయిని పారవేస్తే మళ్ళీ మునగటానికి రాయి ఎక్కడిది? 1960లో మరియానా అగాధానికి దిగిన ‘ట్రియెస్టె’ ఇనుప గుండ్లను జారవిడిచే పైకి వచ్చినది. అది ఒక్కసారి మునకకు సరిపోయే ఉపాయం. నీరైతే ఎప్పుడూ చుట్టూ ఉన్నది.

నౌక వెలుపలి తొడుగుమీద వరుసగా ఉన్న రంధ్రాలను చూచి తుప్పు తిన్నదనుకొనేవారుంటారు. అవి నీరు స్వేచ్ఛగా వచ్చిపోవటానికి చేసినవి. ఆ నీరు రెండువైపులా ఉండుటచేత తొడుగుపై భారం పడదు. ఒత్తిడి అంతా లోపలి పొట్టుదే. 200 మీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరుపై సుమారు 20 కిలోగ్రాముల బరువు మోపినట్లు ఉంటుంది.

ఈ సంగతులు చెప్పటానికి పెద్ద ఖర్చేమీ లేదు. ద్వారంవద్ద ఒక గాజు తొట్టి, అందులో గాలి నింపి తీయదగిన చిన్న నమూనా, పక్కన ఆ రెండు టన్నుల అంకెలు ఉంటే చాలును. అటువంటిది ఏర్పడేవరకు బాధ్యత అధ్యాపకులది. మంగంపేటనుండి విశాఖకు రాష్ట్రమంతా దాటి పోవలెను. చాలామంది పిల్లలకు అదే మొదటి సముద్రదర్శనం, రెండవసారి వీలుపడుతుందన్న నమ్మకం లేదు. బయలుదేరకముందే ఒక సీసాలో నీరు పోసి, సిరా గొట్టం తేలవేసి, మూతిని రబ్బరు పొరతో బిగించి వేలితో నొక్కి చూపవలెను. గొట్టంలోకి నీరెక్కి అది దిగటం, వేలు తీయగానే పైకి రావటం చూచిన పిల్లవాడు కుర్సురా ముందు నిలిచి మొదట ఆ తొట్లు ఎక్కడున్నవని అడుగుతాడు.