పెక్కు చేతుల గ్రంథము

నైజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరను నింద యొకటి తలయెత్తినప్పుడు, దానిని ఖండించుచు ఘాటైన వ్యాసమొకటి వ్రాసి ఊరకుండుట ఏ పత్రికా సంపాదకునకైనను సులభమైన మార్గమే. సురవరం ప్రతాపరెడ్డిగారు అంతటితో తృప్తి చెందక, తమ వాదమును కవులచేతనే వినిపింపదలచి, పల్లెపల్లెనుండి పద్యములను తెప్పించి, 354 మంది కవుల రచనలను ఒక్కచోట కూర్చి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిరి. అందు పూర్వ కవులు గలరు, సమకాలికులు గలరు, స్త్రీలును గలరు. దానికి కర్త ఎవరని అడిగినచో ఒక్క పేరుతో బదులు చెప్పుట సాధ్యము కాదు. నా దృష్టిలో ఆ గ్రంథముయొక్క బలమంతయు అందే యున్నది.

ప్రతాపరెడ్డిగారిది నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటికాలపాడు. 1896లో జన్మించి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, తొలినాళ్లలో దాని పుటలు నింపుటకై పలు మారుపేర్లతో తామే వ్రాసిరి. 1952లో వనపర్తి నియోజకవర్గమునుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. ఒక్కడే పెక్కుమందియై పత్రికను నడిపిన మనిషి, పెక్కుమందిని ఒక్క గ్రంథముగా చేయుటకు పూనుకొనుట నాకు ఎంతో ముచ్చటగా తోచును.

అయితే ఈ ఊహ శూన్యమునుండి పుట్టినది కాదు. గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు సంస్థానములు కవిపండితులను ఆదరించిన సీమ యిది. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ యన్న ప్రసిద్ధి ఊరక రాలేదు. ఒక్కని సొత్తుగాక పలువురి పూనికగా కవిత్వమును చూచు అలవాటు ఇచ్చట తరతరములనుండి పాతుకొనియున్నది. కొల్లాపురము రాజధానిగా తరువాతికాలమున వెలసిన జటప్రోలు సంస్థానమునే చూడుడు: భర్తృహరి సుభాషితములను ఏలకూచి బాలసరస్వతి తెనిగించి, తన్నాదరించిన సురభి మల్లభూపాలుని పేర ‘మల్లభూపాలీయము’గా వెలయించెను. మూలకర్త యొకడు, అనువాదకుడొకడు, గ్రంథనామమున నిలిచినవాడు మరియొకడు. ముగ్గురిలో ఎవరిని తీసివేసినను ఆ కావ్యము ఆ రూపమున ఉండదు. ఇక గద్వాల, వనపర్తి, ఆత్మకూరు ఆస్థానములను దర్శించిన తిరుపతి వేంకట కవుల సంగతి సర్వవిదితము. పద్యము ఇద్దరిలో ఎవరి నోట వెలువడినను అది జంట పేరుననే చెల్లెడిది. 1920లో తిరుపతిశాస్త్రిగారు కీర్తిశేషులైన పిదపను, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు తమ రచనలను ఆ జంట పేరుతోనే ప్రకటించుచు వచ్చిరి.

సంస్థాన సభలలో జరిగిన అవధానమును, కేవలము ధారణాశక్తి ప్రదర్శనగా చూచువారు దాని సగము సొగసును పోగొట్టుకొందురు. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు అవధాని చుట్టును కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్కొక్క చిక్కు ముడి వేయుదురు. సమస్య నిచ్చువాడు అర్థము పొసగనిదో, అనౌచిత్యము తోచునదో యైన తుదిపాదమును ఇచ్చును. అవధాని పదములను వేరుగ విరిచియో, మాటను తగిన పాత్ర నోట పెట్టియో, పై మూడు పాదములతో దానిని సమర్థించును. దత్తపదిలో నాలుగు పదములు పృచ్ఛకునివి, వానిని పద్యమున ఇముడ్చు నేర్పు అవధానిది. నిషిద్ధాక్షరి ఇంకను విచిత్రము. అవధాని ఒక అక్షరము పలుకగానే, తరువాత రాదగిన అక్షరమేదో ఊహించి పృచ్ఛకుడు దానిని నిషేధించును. అవధాని వేరొక దారి వెదకుకొనును. ఆ దారిని సైతము పృచ్ఛకుడు మరల మూయజూచును. ఇట్లు పుట్టిన పద్యమున ప్రత్యక్షరము ఇద్దరి మనస్సుల పెనుగులాటయే. అడ్డగించినవాడు లేకున్నచో ఆ పద్యమునకు ఆ నడకయే లేదు. ఒక్కొక్క ఆవృత్తమున ఒక్కొక్క పాదము చెప్పి, తుదకు అన్ని పద్యములను వరుసగా అప్పగించునప్పుడు సభ మెచ్చుకొనునది అవధానినే యైనను, మంచి పృచ్ఛకుని పేరును పండితులు మరువరు.

సంస్థానమున రాజు పిలుపు చేసిన పనిని ప్రతాపరెడ్డిగారి కాలమున పత్రిక చేసెను. ఆస్థాన ప్రవేశము దొరకని పల్లెటూరి కవియు స్వల్పమైన ఖర్చుతో తన పద్యమును తపాలాలో పంపగలిగెను. పద్యముతోడనే కవి తన ఊరిని, తన వివరములను తెలుపుటయే ఈ సంచికలోని కీలకము. ఊరు పేరు లేని పద్యము రసజ్ఞుని మెప్పింపవచ్చును గాని, నిందకు సమాధానము కాజాలదు. ఫలానా ఊరిలో ఫలానా కవి కలడన్న సంగతియే ఇచ్చట ప్రమాణము.

ఇట్టి పద్ధతి దూరదేశమున వంటయింటి సాహిత్యమునను కానవచ్చుట ఆశ్చర్యకరము. పదునేడవ శతాబ్దపు ఇంగ్లండులో సంపన్న గృహిణులు వంటకములను, ఔషధయోగములను వ్రాసికొన్న పుస్తకములు పెక్కులు నేటికిని నిలిచియున్నవి. 1651లో ఆరంభమై నేడు లండనులోని వెల్‌కమ్ గ్రంథాలయమున నున్న ఆన్ ఫాన్‌షా పుస్తకము అట్టిదే. 1678లో అది తల్లినుండి కుమార్తె కేథరిన్‌కు సంక్రమించెను. ఇట్టి పుస్తకములలో యోగము ప్రక్కన దానిని చెప్పిన చుట్టము పేరో, స్నేహితురాలి పేరో, వైద్యుని పేరో వ్రాసియుండును. గుణమిచ్చినదానికి పరీక్షితమను గుర్తు, పనికిరానిదానిపై అడ్డుగీత. ఒకరి తరువాత ఒకరు వ్రాయుటచే దస్తూరి మారుచుండును. ఆ పేర్లను చదివిన చరిత్రకారునకు పాకవిధానముతోబాటు, ఎవరింటికి ఎవరు రాకపోకలు సాగించిరో, ఎవరి మాటను ఎవరు నమ్మిరో తెలియవచ్చును.

మరల గోలకొండ సంచికకు వత్తము. అందలి పద్యములన్నియు ఒక్క తూకమునకు రావు. ధారాళమైన శయ్య కలవి కలవు, యతిప్రాసలకై కష్టపడినవి కలవు. ఉత్తమములను మాత్రమే ఏరి సన్నని సంకలనము చేసినచో బాగుండెడిదని వాదించువారితో నేను ఏకీభవింపజాలను. ఏరివేత అలంకార శాస్త్రజ్ఞుని పని. ఒక సీమలో తెలుగు చదువు ఎంత దూరము వ్యాపించినదో చూపదలచినవానికి, మహాకవి పద్యముకంటె సామాన్యుని పద్యమే ఒక్కొక్కప్పుడు పెద్ద సాక్ష్యము. ఏలయన, పాఠశాలలో తెలుగుకు తగిన చోటు చిక్కని రాజ్యమున అతడు ఛందస్సును ఎవరియొద్దనో, ఏ అరుగుపైననో కూర్చుండి నేర్చియుండవలెను గదా! అట్టి ప్రతి పద్యము వెనుకను పేరు తెలియని గురువొకడున్నాడు.

కవులను సాక్షులుగా పిలుచు ఈ పద్ధతినే ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో మరింత విస్తరించిరి. రాజుల యుద్ధములను వెనుకకు నెట్టి, కావ్యములు శతకములు శోధించి, జనుల తిండి, కట్టు, ఆటలు, నమ్మకములు ఎట్లుండెనో కవుల పలుకులనుండియే రాబట్టిరి. ఆయన 1953లో దివంగతులైరి. 1955లో తెలుగునకు తొలి సాహిత్య అకాడమీ బహుమతి ఆ గ్రంథమునకే లభించినది.