మత్తు దిగే వేళ

పిల్లల తల్లులు మత్తు డాక్టర్ని అడిగేవి రెండే. "మళ్లీ లేస్తాడా సార్?", "నడుముకి ఇంజెక్షన్ ఇవ్వరు కదా?" రెండోదానికి అబద్ధమాడలేను. హెర్నియా ఆపరేషన్‌కి వచ్చే పిల్లలకి నేనిచ్చేది నడుముకి ఇంకా కిందే. కాడల్ బ్లాక్ అంటాం.

పిల్లాడు పూర్తిగా మత్తులోకి వెళ్లాకే పక్కకి తిప్పి, మోకాళ్లు పొట్టకి ముడిచి పడుకోబెడతాం. పిర్రల చీలికకి కాస్త పైన వేలితో తడిమితే శనగగింజల్లాంటి రెండు బొడిపెలు తగులుతాయి. వాటి మధ్య చిన్న గుంట. అక్కడ సూది దింపితే పొర తెగిన 'టప్' చెవికి వినపడదు, చేతికి తెలుస్తుంది. ఇప్పుడు అల్ట్రాసౌండ్ తెరమీద చూస్తున్నాం గానీ, నా వేలి మీద నమ్మకం ఇంకా పోలేదు. సిరంజి వెనక్కి లాగి, రక్తం గానీ నీరు గానీ రాలేదని చూసుకున్నాకే మందు, అదీ కొద్దికొద్దిగా. 12 కిలోల పిల్లాడికి 0.25 శాతం బుపివకెయిన్ 12 మిల్లీలీటర్లు. అంటే 30 మిల్లీగ్రాములు, కిలోకి రెండున్నర. ఆపైన చుక్క వేయను. రక్తంలో ఎక్కువైతే గుండె మీదికొస్తుంది. అందుకే అమ్మ చెప్పిన బరువు రాసుకోను, నేనే తూస్తాను.

1980ల దాకా పసికందులకి నొప్పి అంతగా తెలియదని పెద్ద డాక్టర్లే అనుకున్నారు. ఇండోర్‌లో చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్ 1987లో ఆపరేషన్ బల్లమీదున్న నెలలు నిండని పిల్లల రక్తంలో హార్మోన్లు పరీక్షించి, ఆ మాట తప్పని చూపించాడు. ఏడవలేని ఒళ్లు హార్మోన్లతో ఏడుస్తోంది మరి.

నేను చేసిన తప్పు వేరు. కొత్తలో ఓ పిల్లాడికి బ్లాక్ భేషుగ్గా కుదిరింది. లేచి నవ్వాడు, బిస్కెట్ తిన్నాడు. నేను ఇంటికెళ్లిపోయాను. రాత్రి ఫోన్, వెనకాల వాడి ఏడుపు. బ్లాక్ పనిచేసేది నాలుగు నుంచి ఆరు గంటలే. కేస్ షీట్‌లో పారాసెటమాల్ రాయలేదు. నవ్వుతున్న పిల్లాడికి నొప్పిమందు ఎందుకనుకున్నాను.

ఇప్పుడు బ్లాక్ దిగకముందే కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున, గడియారం టైమ్ వేసి మరీ రాస్తాను. కాళ్లు కాసేపు బరువెక్కొచ్చని ఇంటివాళ్లకి ముందే చెబుతాను.

చెప్పినా, మొన్న ఓ అమ్మమ్మ మనవడి కాళ్లు పడిపోయాయని బెంగపెట్టుకుని మంచం దిగలేదు. మాటిమాటికీ వాడి కాలి బొటనవేలు గిల్లి చూస్తూ కూర్చుంది. సాయంత్రం ఆరింటికి "లాక్కున్నాడు సార్!" అని కేకేసింది. వాడు ఏడవలేదు, కోపంగా చూశాడంతే. సిరప్ పట్టి అప్పటికి గంటయింది.